ఎత్తు కన్నా చోటు ముఖ్యం

సంపాదకులకు,

అరికాలి నొప్పికి ఎత్తు మార్చుకునే ఆర్చ్ సపోర్ట్ ఇన్‌సోల్స్ (పాదం లోపలి వంపుకు ఆసరాగా బూటులో వేసుకునే మెత్తలు) కొని, నాలుగు రోజులకే మూలన పడేసేవారు చాలామంది. తప్పు ఎక్కువగా వస్తువుది కాదు, అమర్చుకున్న తీరుది.

ముందు బూటులో ఉన్న పాత ఇన్‌సోల్‌ను తీసేయాలి. దాని మీదే కొత్తది పెడితే మడమ పైకి లేచి, వెనక అంచు ఒరుసుకుని పొక్కులొస్తాయి. తర్వాత చీలమండ లోపలి ఎముకకు కాస్త ముందు, కాస్త కింద వేలితో తడిమితే చిన్న బొడిపె తగులుతుంది. ఎత్తు కోసం ఇన్‌సోల్‌కు వెల్‌క్రోతో అంటించే ఫోమ్ ముక్క ఉబ్బు సరిగ్గా దాని కిందికి రావాలి. ఒక్క వేలి మందం ముందుకు జరిగినా బొటనవేలి మొదలు వెనక, బూటులో రాయి పడ్డట్టు గుచ్చుతుంది. కూర్చుని చూస్తే ఈ తేడా తెలియదు. నిలబడి, ఒంటికాలి మీద బరువు వేసి చూడాలి. సాయంత్రం పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి కొలత అప్పుడే చూసుకోవడం మేలు.

ఎత్తు అన్నిటికన్నా తక్కువ ముక్కతో మొదలుపెట్టాలి. ముక్క వంపును తాకాలి, తొయ్యకూడదు. బరువు చిటికెనవేలి వైపుకు ఒరుగుతోందంటే ఎత్తు ఎక్కువైనట్టే. అలాగే నడిస్తే చీలమండ బయటికి మడతపడే ప్రమాదం ఉంది.

గంటల తరబడి నిలబడే పనికి కాస్త గట్టి ముక్క కావాలి, మెత్తటిది మధ్యాహ్నానికే అణిగిపోతుంది. నడకకూ అదే చాలు. పరుగు సంగతి వేరు: అడుగు పడ్డప్పుడు శరీర బరువుకు రెండు, మూడు రెట్ల భారం పడుతుంది, వంపు స్ప్రింగులా అణిగి లేవాలి. అక్కడ ఎత్తైన గట్టి ముక్క అడ్డే. ఒక మెట్టు తగ్గించి మెత్తటిది వాడాలి. ఫోమ్ ముక్క బదులు గాలి నింపే రకంలో పంపు నొక్కులు లెక్కపెట్టి లాభం లేదు, రెండు కాళ్ల ఇన్‌సోల్స్‌నూ చేతి బొటనవేలితో నొక్కి పోల్చుకోవాలి.

మొదటి రోజు గంట చాలు, ఆపై రోజుకో గంట పెంచాలి. ఫోమ్‌పై గోటితో నొక్కితే గుంట అలాగే మిగిలిందా, ముక్క మార్చాల్సిందే.

మునివేళ్ల మీద లేచినా వంపు కనిపించని పాదానికి ఎత్తు పెంచితే నొప్పే పెరుగుతుంది, డాక్టరుకు చూపించాలి. మధుమేహంతో స్పర్శ తగ్గినవారు సొంతంగా అసలు సర్దుకోవద్దు. ఒత్తిడి తెలియదు, పుండు పడ్డాకే తెలుస్తుంది.

– ఇన్‌సోల్స్ అమర్చే పనివారు