మాట వినపడని సీటుకు టికెట్ అమ్మొద్దు

సంపాదకుల వారికి,

ఏనాడో విడిపోయిన హాస్య బృందం మళ్లీ ఒకే వేదిక ఎక్కుతోందంటే జనం ఎగబడతారు. 2014 జులైలో లండన్ ఓ2 అరీనాలో మాంటీ పైథాన్ బృందం మళ్లీ కలిసినప్పుడు, మొదట ప్రకటించిన ప్రదర్శన టికెట్లు 43.5 సెకన్లలో అయిపోయాయి. ఇంత గిరాకీ ఉంటుంది కనుకే నిర్వాహకులు వేల సీట్ల ఇండోర్ స్టేడియాలు మాట్లాడుకుంటారు. అవి ఆటల కోసం కట్టినవి. పాట అక్కడ ఎలాగోలా నెట్టుకొస్తుంది గానీ మాట నిలబడదు. చివరి వరుసకు మాట అందుతుందో లేదో టికెట్ అమ్మకముందే తేల్చాలి.

అచ్చు గట్టిగా మోగుతుంది, హల్లు క్షణంలో మాయమవుతుంది. గోడలకూ పైకప్పుకూ తగిలి శబ్దం రెండు మూడు సెకన్ల పాటు తిరిగే హాల్లో, ముందు అక్షరం మోత తరవాతి హల్లును మింగేస్తుంది. 'పాలు', 'కాలు', 'చాలు' మూడూ వెనక వరుసకు 'ఆలు'గానే చేరతాయి. చమత్కారమంతా ఆ ఒక్క హల్లు మీదే ఉంటే ఇక చెప్పేదేముంది? ముందువాళ్లు పగలబడి నవ్వుతారు, వెనకవాళ్లు 'ఏమన్నాడు?' అని పక్కవాళ్లను అడుగుతారు, ఆ అడగడంలో ఇంకో మాట పోతుంది. పైగా ఇలాంటి ప్రదర్శనలకు పెద్ద వయసువారు ఎక్కువగా వస్తారు. వయసుతో ముందు తగ్గేది సన్నని, హెచ్చు శ్రుతి శబ్దాల వినికిడే. హల్లుల్లో చాలా వాటిని గుర్తుపట్టేది వాటితోనే.

వాల్యూం పెంచితే మోత కూడా పెరుగుతుంది. కావలసింది వెనక వరుసలకు దగ్గరగా వేలాడదీసిన చిన్న స్పీకర్లు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది కాబట్టి వేదికకు 68 మీటర్ల దూరంలోని స్పీకర్‌ను 0.2 సెకన్లు ఆలస్యంగా పలికించాలి. ఈ సర్దుబాటు మరిచిపోతే ఒకే డైలాగు రెండుసార్లు వినపడుతుంది.

మైకుల సంగతి ఇంకా ముఖ్యం. పెద్ద వయసు నటుల గొంతులో మునుపటి జోరు ఉండదు. ఛాతీకి పెట్టే కాలర్ మైకు వాళ్లకు చాలదు. తల తిప్పగానే మాట సగమవుతుంది, దాన్ని పెంచబోతే కీచుమంటుంది. చెంప మీదుగా నోటి పక్కకు వచ్చే హెడ్‌సెట్ మైకే సరైనది. విగ్గులు, టోపీలు మార్చేటప్పుడు అది పక్కకు జరుగుతుంది, అందుకని వేదిక పక్క వింగ్‌లో సరిచేసే మనిషి ఒకరు తప్పనిసరి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడేటప్పుడు ఒకరి మాట ఇద్దరి మైకుల్లోనూ పడి డొల్లగా వినిపిస్తుంది. మైకుల శబ్దాన్ని సర్దే మిక్సర్ దగ్గరున్నవారు స్క్రిప్టు చేత్తో పట్టుకుని, ఎవరి డైలాగుకు వాళ్ల మైకే తెరవాలి.

నవ్వు కూడా దూరం ప్రయాణిస్తుంది. డైలాగు 68 మీటర్లు వెళ్లి, నవ్వు తిరిగి వచ్చేసరికి 0.4 సెకన్లు పడుతుంది. చిన్న నాటకశాలల్లో కుదిరిన టైమింగ్‌తో, ముందువరుస నవ్వు తగ్గగానే తరవాతి మాట అందుకుంటే వెనక నవ్వులో అది కొట్టుకుపోతుంది. ప్రేక్షకుల్లో మైకులు పెట్టి ఆ నవ్వు నటుల చెవిన వేయాలి.

వినికిడి తక్కువవారి కోసం తెర మీద అక్షరాలు వేస్తే చాలా మేలు. అయితే డైలాగు నటుడి నోట రాకముందే తెర మీద పడితే నవ్వు చచ్చిపోతుంది. ఒక్కో వరుసా సమయానికి వదిలే మనిషి ఉండాలి.

ఇవన్నీ కొలవడానికి పద్ధతి ఉంది. మాట ఎంత స్పష్టంగా అందుతుందో చెప్పే అంకె ఎస్‌టీఐ, అంటే స్పీచ్ ట్రాన్స్‌మిషన్ ఇండెక్స్, 0 నుంచి 1 వరకు ఉంటుంది. 0.6 దాటితే మాట బాగా తెలుస్తుంది, 0.45 లోపు అయితే సరిగా తెలియదు. చేతిలో ఇమిడే మీటరుతో ఒక్కో చోట అర నిమిషం కూడా పట్టదు. హాలు యాజమాన్యాలు ఈ అంకెను సీట్ల పటం మీద అచ్చువేయాలి. 0.5కు తగ్గిన సీట్లను మాట ప్రధానమైన ప్రదర్శనలకు అమ్మకూడదు. ప్రజాధనంతో కట్టిన హాళ్లలో దీన్ని బుకింగ్ షరతుగానే పెట్టాలి.

రిహార్సల్ రోజు చివరి వరుసలో స్క్రిప్టు ఎరుగని వ్యక్తిని కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు రాయించండి. రోజూ వినే సౌండ్ ఇంజనీరుకు డైలాగులన్నీ కంఠతా వచ్చు, వినపడని మాటను కూడా ఆయన మనసు పూరించుకుంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు