నల్లా వచ్చిన రోజే నీళ్లు ఎక్కువ పోతున్నాయి

ఎడిటర్ గారికి,

గోదావరి మీది బాబ్లీ బ్యారేజీ గేట్లు జూలై 1న ఎత్తారా, అక్టోబర్ 28 దాకా ఎత్తే ఉంచారా, మార్చి 1న కిందికి వదలాల్సిన 0.6 టీఎంసీ వదిలారా అని ఏటా పేపర్లు రాస్తాయి. రాయాల్సిందే. కానీ ధర్మాబాద్, బిలోలి, దేగ్లూర్ పట్టీలో, నాలుగు రోజులకోసారి నల్లా వచ్చే వాడల్లో, ఆ పొద్దున మోరీల్లో పారే మంచినీళ్ల సంగతి ఎవరూ రాయరు.

నల్లా వచ్చిందనగానే మొదటి పని డ్రమ్ము బోర్లించడం. మొన్నటి నీళ్లు పాసిపోయాయట! అన్నం పాసిపోతుంది గానీ, మూత పెట్టిన నీళ్లు నాలుగు రోజులకే పాసిపోవు. వాటిని చెడగొట్టేది చెంబుతో పాటు మునిగే మన చెయ్యి. డ్రమ్ముకు అడుగునుంచి రెండు మూడు అంగుళాల పైన చిన్న నల్లా బిగిస్తే చెయ్యి ముంచే పనుండదు, మడ్డి కూడా కిందే ఉండిపోతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే టీసీఎల్ పౌడర్, అంటే బ్లీచింగ్ పౌడర్, ఉంది. 1000 లీటర్లకు రెండున్నర గ్రాములు చాలు. మగ్గు నీళ్లలో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే ట్యాంకులో పోసి, గంట ఆగి వాడుకోవచ్చు. గాలి తగిలి ముద్దకట్టిన పౌడర్‌లో మాత్రం సత్తువ ఉండదు.

దోమల కోసం వారానికోసారి ‘కోరడా దివస్’ (నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే రోజు) పాటించమంటారు కదా అంటారు. నిజమే, గుడ్డు దోమ కావడానికి ఎండాకాలంలో వారం పది రోజులు పడుతుంది. అయితే డెంగీ దోమ గుడ్లు నీటి అంచున డ్రమ్ము గోడకు అంటుకుని ఉంటాయి. ఊరికే పారబోస్తే అవి పోవు, పీచుతో గోడ రుద్దితేనే పోతాయి. కాబట్టి ముందురోజే పాత నీళ్లను బట్టలకు, కూలర్‌కు, పాయఖానాకు వాడేసి, అడుగున మిగిలిన బకెట్ నీళ్లతో డ్రమ్ము రుద్ది కడిగితే సరిపోతుంది.

2016 ఏప్రిల్‌లో మన పక్క జిల్లా లాతూర్‌కు మిరజ్ నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. మొదటి బండి 10 వ్యాగన్లలో తెచ్చింది 5 లక్షల లీటర్లు. 2,500 ఇళ్లవాళ్లు తలా ఒక 200 లీటర్ల డ్రమ్ము బోర్లిస్తే పోయేదీ అంతే.

రెండోది తోటీ, అంటే తిప్పి మూసే కుళాయి, లేని నల్లా. పైపుకు 15 లీటర్ల బకెట్ పెట్టి గడియారం చూడండి. నిమిషంలో నిండితే, వదిలేసిన గంటకు 900 లీటర్లు. పల్లెల్లో ఇంటింటికీ నల్లా ఇచ్చే కేంద్ర పథకం జల జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లే కనుక, అవి ఐదుగురున్న ఇంటికి మూడు రోజుల పైచిలుకు నీళ్లు. పోయేది ఒక ఇంటి నీళ్లే కాదు. లైను మొదట్లో అలా పారుతుంటే ఒత్తిడి పడిపోయి, చివరి ఇళ్లకు సన్నటి ధార కూడా అందదు. ప్లాస్టిక్ తోటీ ఎండకు పగులుతుంది, ఇత్తడిదైతే రోడ్డు పక్కన ఉన్నది తుక్కు దుకాణానికి చేరుతుంది. పైపును గోడ లోపలికి మళ్లించి ఇత్తడిది పెట్టుకోవడం మేలు. తోటీ మరలున్న కొనను మన వైపు పెట్టుకుని, టెఫ్లాన్ టేపు గడియారం ముల్లు తిరిగే దిక్కుకే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడివస్తుంది.

ట్యాంకు పొంగిపోతుంటే, నిండగానే నీళ్లు ఆపాల్సిన బాల్ కాక్ విప్పి బంతిని చెవి దగ్గర ఊపండి. లోపల నీళ్లు గలగలమంటే అది పగిలినట్టే. ఇక తేలదు, నల్లా మూయదు. బంతి మార్చాలి. బంతి బాగానే ఉంటే వాషర్ మీద సున్నపు పొర కట్టిందేమో చూడాలి, బోరు నీళ్లు కలిసే ట్యాంకుల్లో ఇది మామూలే.

లైనుకు నేరుగా మోటారు పెట్టేవాళ్లకు కోపం వచ్చినా చెప్పాలి. మోటారు గుంజినప్పుడు మోరీలోంచి పోయే పైపు కీళ్ల దగ్గర మురికి లోపలికి వస్తుంది. నీళ్లు వాసన వేస్తాయి. వాసన పోయేదాకా వాడంతా నల్లాలు వదిలేస్తుంది. ఒకరి మోటారుకు పది ఇళ్ల నీళ్లు మోరీపాలు.

ఇక నగర పరిషత్తులు చేయాల్సింది. నల్లా ఎప్పుడొస్తుందో తెలియకే జనం తోటీ తిప్పి పెట్టి పడుకుంటారు, కిందపెట్టిన బిందె నిండాక పారిందంతా మోరీకే. ఏ వాడకు ఏ గంటకు వాల్వు తిప్పుతారో ముందురోజు చెత్త తీసుకెళ్లే ఘంటాగాడీ మైకులో చెప్పించాలి, మరాఠీలోనూ తెలుగులోనూ. బండి ఎలాగూ ప్రతి గల్లీ తిరుగుతుంది, మైకూ ఉంది.

— ఒక పాఠకుడు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా