ఆదివారం వాక్యం వినడానికి సిద్ధపడి వద్దాం

అందరికీ ప్రభువు నామంలో వందనాలు!

ఈ ఆదివారం ఆరాధన ఉదయం 9:30కి. వాక్యభాగం బైబిల్‌లోని లూకా సువార్త 8:4–15, యేసు చెప్పిన విత్తువాని ఉపమానం. శనివారం రాత్రే ఒకసారి చదువుకోండి.

దారిపక్క, రాతినేల, ముళ్లపొదలు, మంచి నేల... అన్నిచోట్లా పడింది ఒకే విత్తనం, అంటే దేవుని వాక్యం. తేడా నేలదే, అంటే వినే మన హృదయానిదే. పోయిన వారం ప్రసంగం మధ్యలో నా ఫోన్ వెలిగింది. మెసేజ్ చూసి తలెత్తేసరికి పాస్టర్ గారు ఏ వచనం దగ్గరున్నారో తెలియలేదు. చాలా బాధనిపించింది. ఫోన్లు ఆఫ్ చేసి లోపల పెట్టేద్దాం.

బైబిల్, నోట్‌బుక్, పెన్ను తెచ్చుకోండి. విన్నదాంట్లో ఈ వారం చేయబోయే ఒక్క పని రాసుకోండి. క్షమాపణ అడగాల్సిన వాళ్ల పేరైనా సరే. బుధవారం ప్రార్థన కూడికలో, చేశామా లేదా పంచుకుందాం.

పిల్లల్నీ ముందు వరుసల్లో కూర్చోబెట్టండి. బైబిల్‌లో సమూయేలు ప్రవక్త దేవుని పిలుపు విన్నది బాలుడిగానే కదా!

మర్చిపోవద్దు: 9:20కల్లా లోపల ఉందాం.