ఇస్తాంబుల్‌లో మొదటి రోజు నీళ్ల మీద గడుపు

ఒరేయ్ రవీ,

వచ్చే వారం ఇస్తాంబుల్‌లో దిగుతున్నానని రాశావు. నెలల తరబడి ఊళ్లు తిరుగుతున్నవాడివి, దిగిన మర్నాడే అయా సోఫియా మసీదు క్యూలో నిలబడకు. దాన్ని మూడో రోజుకి పెట్టుకో. బాస్ఫరస్ జలసంధి, గోల్డెన్ హార్న్ అనే సముద్రపు పాయ కలిసి ఊరిని మూడు ముక్కలు చేశాయి. ఆ మూడిటినీ ఫెర్రీ మీంచి ఒకసారి చూసుకున్నావంటే, ఆ తర్వాత ఏ సందులో ఉన్నా నీళ్లు ఎటున్నాయో తెలిసిపోతుంది.

బస ఆసియా వైపు కదికోయ్‌లో చూసుకో. పొద్దున్నే రేవు దగ్గర మిషన్‌లో ఇస్తాంబుల్‌కార్ట్ కొను. బస్సు, ట్రామ్, మెట్రో, ఫెర్రీ అన్నిటికీ అదే కార్డు. మిషన్ చిల్లర ఇవ్వదు, పెట్టిన నోటు మొత్తం కార్డులోకే పోతుంది, అందుకని పెద్ద నోటు పెట్టకు. గీసిన రెండు గంటల్లోపు ఇంకోటి ఎక్కితే టికెట్ తగ్గుతుంది. ఏటీఎం "మీ దేశం కరెన్సీలో లెక్క కట్టమంటారా" అని అడుగుతుంది. వద్దని నొక్కు, ఆ రేటు నిలువు దోపిడీ.

తొమ్మిదింటికల్లా అవతల యూరప్ వైపున్న ఎమినోను రేవుకి వెళ్లే ఫెర్రీ ఎక్కి ఎడమవైపు బయటి బల్ల పట్టుకో. ఇరవై నిమిషాల ప్రయాణం. బయల్దేరగానే కుడిపక్క నీళ్లంచున హైదర్‌పాషా స్టేషన్ కనిపిస్తుంది, దాన్ని కాస్త తల తిప్పి చూడు. అసలు సంగతి ఎడమవైపే. ఆరు మీనార్లది బ్లూ మాస్క్, నాలుగు మీనార్లది అయా సోఫియా, ముక్కులా నీళ్లలోకి పొడుచుకొచ్చిన చోట చెట్ల మధ్య టోప్‌కాపి కోట. పడవలో టీ అమ్ముతారు, నడుము సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసులో. పాలుండవు. గ్లాసు కాలుతుంది, అంచు దగ్గర పట్టుకో.

ఎమినోనులో దిగాక మసాలా బజార్‌లో ఏమీ కొనకు, ధరలు పక్క సందుల్లోనే నయం. గిన్నెలూ బుట్టలూ అమ్మే తహ్తాకాలె సందుల్లోంచి పైకి నడిస్తే పావుగంటలో సులేమానియే మసీదు. ఎక్కే దారి నిలువుగా ఉంటుంది, నున్నటి అడుగున్న చెప్పులు వేసుకుంటే వాన రోజు జారడం ఖాయం. మధ్యాహ్నం నమాజు ఒంటిగంట ప్రాంతంలో. దానికి ముందే బయటివాళ్లని ఆపేస్తారు, శుక్రవారమైతే మరీ ఎక్కువసేపు. అందుకే పదకొండుకల్లా లోపలుండు. మోకాళ్లు కప్పే బట్టలు వేసుకో. 1557లో సినాన్ అనే వాస్తుశిల్పి కట్టిన ఈ మసీదులో నూనె దీపాల మసి గోడలకు పట్టదు. గాలి దాన్ని ద్వారం మీదున్న గదిలోకి మోసుకుపోయేలా కట్టాడు, ఆ మసితో సిరా చేసేవాళ్లు. ద్వారం దగ్గర నిలబడి తలెత్తి చూడు. ఇంత బుర్ర పెట్టి కట్టిన కట్టడం ఆ ఊళ్లో ఇంకోటి లేదని నా నమ్మకం.

భోజనం మసీదు ఎదురుగానే చెయ్యి. అక్కడి వరస హోటళ్లలో కురు ఫసూల్యే అని తెల్ల చిక్కుడు గింజల కూర, అన్నంతో పెడతారు. నువ్వు శాకాహారివి కాబట్టి "ఎత్సిజ్ మి?" అని అడుగు, మాంసం లేదు కదా అని. అది చాలదు. అన్నం కూడా చాలాచోట్ల మాంసం ఉడికించిన నీళ్లలో వండుతారు, "ఎత్ సుయు వార్ మి?" అని కూడా అడుగు.

దిగి వచ్చి గలాటా వంతెన నడిచి దాటు. పైన గాలాలేసేవాళ్ల వెనక నుంచి పో, గాలం వెనక్కి విసురుతారు. ఎవరైనా బూట్ పాలిష్ అతను నీ ముందు బ్రష్ జారవిడిస్తే, తీసివ్వకు. తీసిస్తే కృతజ్ఞత అంటూ పాలిష్ మొదలెట్టి డబ్బులడుగుతాడు. వంతెన అవతలి ఒడ్డు కారాకోయ్. అక్కడి నుంచి కొండెక్కడానికి ట్యూనెల్ ఉంది, 573 మీటర్ల భూగర్భ రైలు. 1875 నాటిది, లండన్ తర్వాత ప్రపంచంలో అదే పాతది. మోకాళ్ల కోసమైనా ఎక్కు. పైన ఇస్తిక్లాల్ వీధి ఒక చుట్టు చాలు.

సూర్యాస్తమయానికి అరగంట ముందు కారాకోయ్ నుంచి కదికోయ్ ఫెర్రీ ఎక్కి వెనకవైపు కూర్చో, పాత ఊరి మీనార్ల వెనకే పొద్దు గుంకుతుంది. చలికాలం లోడోస్ అనే దక్షిణపు గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. అప్పుడు సిర్కెజి నుంచి సముద్రం కింద మర్మరాయ్ రైలెక్కు. అది ముందు మొత్తం దూరానికి డబ్బు కోస్తుంది. దిగాక "ఇయాదె" అని రాసున్న మిషన్‌కి కార్డు ఆనిస్తేనే మిగతాది వెనక్కొస్తుంది. కొత్తవాళ్లు చాలామంది ఇది తెలీక పోగొట్టుకుంటారు.

ఏ రోజు దిగుతున్నావో రాయి. ఆదివారం గ్రాండ్ బజార్ మూత, మంగళవారం టోప్‌కాపి మూత, దాన్నిబట్టి రెండో రోజు సంగతి చెప్తాను.

నీ
శేషు