బాక్‌కి వయొలిన్ కాగితం ఎక్కడుంది?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం కన్సర్ట్ బ్యాండ్ (వయొలిన్లు లేకుండా, ఎక్కువగా ఊదే వాద్యాలతో నడిచే బృందం) మీద మీరు వేసిన వ్యాసం చదివాను. బాగానే ఉంది గానీ, ఆర్కెస్ట్రా కృతిని బ్యాండుకి మార్చడమంటే వయొలిన్ వాళ్ల కాగితాలు (వాళ్లు వాయించాల్సిన స్వరాలు రాసినవి) క్లారినెట్ ఊదేవాళ్లకి పంచేయడమే అన్నట్టు ఒక్క ముక్కలో తేల్చేశారు చూడండి, అది చదివి ఉండబట్టలేక ఈ ఉత్తరం.

నేనూ అలాగే అనుకుని చేతులు కాల్చుకున్నవాణ్ణే. మొదటిసారి ఓ సింఫనీలో నెమ్మదిగా సాగే భాగం తీసుకుని, వయొలిన్లకి రాసింది ఉన్నదున్నట్టు క్లారినెట్లకి దింపేశాను. కమాను అటూ ఇటూ తిప్పుతూ వయొలిన్ వాళ్లు స్వరాన్ని ఎంతసేపైనా నిలబెడతారు, ఊదేవాళ్లకి ఊపిరి కావాలి కదా! ఎనిమిదో బార్ (తాళం ఆవర్తం లాంటి గడి) దగ్గర అందరూ ఒక్కసారే గాలి పీల్చారు, సంగీతం మధ్యలో గొయ్యి పడింది. ఎవరు ఎక్కడ పీల్చాలో ముందే పంచి రాయాలని ఆ రోజు తెలిసింది.

కీ, అంటే కృతి ఏ స్వరాన్ని ఆధారం చేసుకుని నడుస్తుందో అది, ఇంకో తలనొప్పి. ఎ మేజర్ వయొలిన్‌కి హాయి, అందులోని ముఖ్యమైన స్వరాలు వేలు ఆనించకుండానే మోగుతాయి. బి ఫ్లాట్ క్లారినెట్‌కి మాత్రం అసలు స్వరం కన్నా ఒక టోన్ పైకి రాయాలి, కాబట్టి అదే కృతి వాళ్ల కాగితం మీద ఐదు షార్పులతో బి మేజర్ అయి కూర్చుంటుంది (షార్పు అంటే స్వరాన్ని అర మెట్టు పెంచే గుర్తు, ఫ్లాటు తగ్గించేది; ఇవి పెరిగేకొద్దీ మా వేళ్లకి కష్టం). రష్యన్ స్వరకర్త షోస్టకోవిచ్ 1954లో ఆర్కెస్ట్రాకి ఎ మేజర్‌లో రాసిన ఫెస్టివ్ ఓవర్చర్‌ని అమెరికన్ బ్యాండ్ కండక్టర్ డొనాల్డ్ హన్స్‌బర్గర్ బ్యాండు కోసం ఎ ఫ్లాట్‌లోకి దించాడు. క్లారినెట్ కాగితంలో ఇక రెండే ఫ్లాట్లు.

వీటన్నిటికన్నా కష్టం, ఎవర్ని ఊరుకోబెట్టాలన్నది. చేతినిండా వాయిద్యాలున్నాయి కదా అని అందరికీ అన్నీ రాసేస్తే రంగులన్నీ కలిసి బూడిదరంగు తేలుతుంది (నా మొదటి స్కోర్లు అచ్చం ఇలాగే ఉండేవి).

మోజార్ట్ కూడా 1782 జూలైలో తన ఒపేరానే గాలివాద్యాలకి మారుస్తూ, వాటికి నప్పేలా, అసలు ప్రభావం పోకుండా రాయడం ఎంత కష్టమో మీరు ఊహించలేరని వాళ్ల నాన్నకి ఉత్తరం రాశాడు. ఆయనకే అంత టెన్షన్ అయితే మాబోటివాళ్ల సంగతి చెప్పాలా?

ఆ వ్యాసం కిందే కచేరీ జాబితాలో స్వరకర్త బాక్ రాసిన టొకాటా అండ్ ఫ్యూగ్ అని వేశారు, బ్యాండుకి మార్చినవాళ్ల పేరు మాత్రం లేదు. అది ఒక్కరే మీటలు నొక్కి వాయించే ఆర్గన్ కోసం రాసిన కృతి కదండీ, పంచడానికి అందులో అసలు వయొలిన్ కాగితమే లేదు. ఈసారి ఆ పేరు కూడా వేయండి.

ఇట్లు,
ఒక క్లారినెట్ వాద్యకారుడు