అప్‌డేట్ నొక్కితే 41 ఇళ్లు మాయం

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలో మొబైల్ యాప్‌లు తయారుచేస్తాను. మా అక్క ములుగు జిల్లాలో ఇంటింటి సర్వే చేస్తుంది. సిగ్నల్ లేని అడవి ఊళ్లలో మూడు రోజులు తిరిగి 41 ఇళ్ల వివరాలు ఫోన్‌లో ఎక్కించింది. పంపుదామని తాడ్వాయికి వస్తే, అప్‌డేట్ చేస్తేగానీ యాప్ తెరుచుకోనన్నది. చేసింది. తెరిస్తే ఒక్క ఇల్లూ లేదు. "మొత్తం పోయింది రా తమ్మీ, మళ్ల ఆ ఇండ్లకు ఏ మొహం పెట్టుకొని పోవాలె" అని ఫోన్‌లో ఏడ్చింది.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో డేటా దాచే డేటాబేస్ పేరు ఎస్‌క్యూలైట్. అది 2000 నుంచి ఉంది. గట్టిది. దాన్ని సులువుగా వాడుకునేందుకు గూగుల్ 2017లో రూమ్ అనే లైబ్రరీ (ముందే రాసిపెట్టిన కోడ్) తెచ్చింది. కొత్త వెర్షన్‌లో పట్టికకు ఒక్క కాలమ్ చేర్చినా, పాత పట్టికను ఎలా మార్చాలో మనమే రాసివ్వాలి. దాన్ని మైగ్రేషన్ అంటాం. రాయకపోతే యాప్ ఆగిపోతుంది. అలా ఆగడమే మేలు, తప్పు మన బల్ల మీదే బయటపడుతుంది. కానీ గడువు తరుముతుంటే "దారి లేకపోతే పాత పట్టికలు చెరిపేయ్" అనే ఒక్క లైను చేర్చి గండం గట్టెక్కే అలవాటు మా వృత్తిలో ఉంది. ఆఫీసులోని ఖాళీ ఫోన్‌లో చెరిగేదేమీ ఉండదు కనుక అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. ఒక కాలమ్ చేర్చే మైగ్రేషన్‌కు పట్టేది ఒకే వాక్యం!

ఇంకొకటి. ప్రతి స్క్రీనూ నేరుగా డేటాబేస్‌ను ముట్టుకోకూడదు. అన్నీ రిపాజిటరీ అనే ఒక్క చోటనే అడగాలి. అది ముందు ఫోన్‌లో రాసి, సిగ్నల్ దొరికినప్పుడు పంపి, అందిందని సర్వర్ చెప్పాకే ఆ ఇంటికి గుర్తు వేయాలి. అప్పుడు పంపనివి ఎన్నో లెక్క తేలుతుంది. ఆ లెక్క సున్నా అయ్యేదాకా అప్‌డేట్ కోసం బలవంతపెట్టకుండా ఆపవచ్చు.

యాప్‌లు చేయించుకునే శాఖలకు నా విన్నపం: బిల్లు చెల్లించే ముందు, పాత వెర్షన్ ఉన్న ఫోన్‌లో 50 ఇళ్లు ఎక్కించండి. ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి, కేబుల్‌తో కొత్త వెర్షన్ వేయండి. 50 ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. ఒక పూట పని.

అక్క నిన్న మళ్లీ బయల్దేరింది. తొమ్మిది ఇళ్లవాళ్లు మిర్చి ఏరడానికి పోయారట, చీకటి పడ్డాకే దొరుకుతారు. ఈసారి నోటుబుక్కులో కూడా రాసుకుంటోంది.

— ఒక యాప్ డెవలపర్, హనుమకొండ