అంగన్‌వాడీ నుంచి ఒకటో తరగతికి: ఆటిజం ఉన్న పిల్లల కోసం ఈ వేసవిలో చేయాల్సినవి

పాఠశాల వార్తాలేఖ, ఏప్రిల్ సంచిక

తల్లిదండ్రులకు నమస్కారం.

వచ్చే జూన్‌లో మన బడి ఒకటో తరగతిలో చేరబోయే పిల్లల్లో ఆటిజం (మాట, నలుగురితో కలవడం, శబ్దాలను తట్టుకోవడం మిగతా పిల్లల కంటే వేరుగా ఉండే ఎదుగుదల తీరు) ఉన్నవాళ్లూ ఉన్నారు. ఈ నెల లేఖ ముఖ్యంగా వాళ్ల ఇళ్లకే. మిగతావాళ్లూ చదవండి, మీ పిల్లలు రోజూ పక్కన కూర్చోబోయేది వీళ్లతోనే.

సెలవులు ఇవ్వగానే చాలా ఇళ్లలో పలక ముందు పెట్టి అఆలు, ఒంట్లు దిద్దించడం మొదలవుతుంది. ఈ వేసవికి ఆ పని పక్కన పెట్టమని నా మనవి. ఆటిజం ఉన్న బిడ్డకి జూన్‌లో ముందుగా ఎదురయ్యే కష్టం అక్షరం కాదు. గంట మోత, ప్రార్థన వరుసలో తోపులాట, తెలియని మరుగుదొడ్డి, భోజనాల దగ్గర గోల. అంగన్‌వాడీలో ఒకటే గది, తెలిసిన టీచరు, తెలిసిన ఆయా, కొద్దిమంది పిల్లలు. ఇక్కడ అన్నీ ఒక్కరోజే మారిపోతాయి. బెదిరిపోయిన బిడ్డకి వచ్చిన అక్షరం కూడా గుర్తుకు రాదు.

కాబట్టి సెలవులకు ముందే బిడ్డను బడికి తీసుకురండి. మొదటిసారి సాయంత్రం, పిల్లలంతా వెళ్లిపోయాక రండి. గేటు, తరగతి గది, కుళాయి, మరుగుదొడ్డి, భోజనాల చోటు, మళ్లీ గేటు. ఈ వరుసలోనే ఒక పావుగంట తిప్పండి చాలు. రెండోసారి టీచరు ఉండగా, మూడోసారి బడి నడుస్తుండగా అరగంట. ఏడిస్తే బలవంతంగా గదిలో కూర్చోబెట్టకండి, గేటు దగ్గర కాసేపు నిలబెట్టి తీసుకెళ్లినా ఆ రోజుకి సరిపోతుంది.

వచ్చినప్పుడు ఫోన్లో ఎనిమిది, పది ఫొటోలు తీసుకోండి. పోస్టుకార్డు సైజులో ప్రింటు వేయించి, దారంతో కట్టి చిన్న పుస్తకం చేయండి. ఒక్కో ఫొటో కింద ఒక్కటే వాక్యం: "ఇక్కడ నీళ్లు తాగుతాను." రోజూ ఒకే వేళకి, ఒకే వరుసలో చూపించండి. టీచరు ఫొటో మాత్రం విడిగా ఉంచండి. వేసవిలో బదిలీలు జరిగితే జూన్‌లో వేరే టీచరు ఉండొచ్చు. అలా జరిగితే మీకు వెంటనే కబురు చేస్తాం, ఆ ఒక్క కాగితం మార్చుకోవచ్చు.

గంట సంగతి. మన ఇనుప గంట మోతను ఫోన్లో రికార్డు చేసుకెళ్లండి. బిడ్డ ఇష్టమైన ఆటలో ఉన్నప్పుడు బాగా తక్కువ శబ్దంతో వినిపించండి. ఇబ్బంది పడకపోతేనే రెండు మూడు రోజులకోసారి కొంచెం పెంచండి. చెవులు మూసుకుంటే వెనక్కి తగ్గండి. బడిలో ఈ పిల్లల్ని గంటకి దూరంగా ఉన్న గోడ పక్కన కూర్చోబెడతాం, కొట్టబోయే ముందు చెబుతాం. శబ్దం తగ్గేలా చెవులకు పెట్టుకునే మఫ్‌లు ఉంటే పంపండి. రోజంతా పెట్టుకుంటే మామూలు శబ్దాలు కూడా భరించలేకుండా పోయే అవకాశం ఉంది, అందుకే గోల ఉన్న వేళల్లోనే వాడతాం.

యూనిఫాం, బూట్లు బడి తెరిచాక గాని చేతికి రావు. అలాంటి కాటన్ చొక్కా ఒకటి ముందే కొని మూడు నాలుగుసార్లు ఉతికి, మెడ వెనక లేబుల్ కుట్టుతో సహా విప్పేసి, రోజుకి పది నిమిషాలతో మొదలుపెట్టి అలవాటు చేయండి. హుక్కు, జిప్పు ఉన్న నిక్కరు వద్దు, ఎలాస్టిక్‌దే వేయండి. తనంతట తాను దించుకోగలిగితేనే బిడ్డ మరుగుదొడ్డికి వెళ్తాడు. సాక్సు కుట్టు వేళ్లకి గుచ్చుకుంటే తిరగేసి తొడగండి. బూట్లు అసలే పడకపోతే చెప్పుల్తో రానివ్వండి, ఎవరూ అడగరు.

మరుగుదొడ్డి విషయంలో తొందరపడాలి. చాలామంది పిల్లలు బడిలో వెళ్లలేక నీళ్లు తాగడం మానేస్తారు, దాంతో మలబద్ధకం, కడుపునొప్పి, చిరాకు. దాన్ని అందరూ మొండితనం అనుకుంటారు. ఇంట్లో రెండు గంటలకోసారి తీసుకెళ్లడం ఇప్పుడే మొదలుపెట్టండి, మేమూ అదే వేళలు పాటిస్తాం. మాట రాని బిడ్డకి మరుగుదొడ్డి బొమ్మ ఉన్న కార్డు ఒకటి చేతికివ్వడం నేర్పండి. మాట వచ్చిన బిడ్డ అయితే ఇంట్లో ఏమంటాడో రాసివ్వండి. "ఒకటికి" అంటాడో "పాసు" అంటాడో "ఉచ్చ" అంటాడో టీచరుకి తెలియకపోతే బిడ్డ అడిగినా అడగనట్టే.

అన్నం మేం బలవంతంగా తినిపించం. గుడ్డు వాసన పడనివాళ్లని వరుస చివర కూర్చోబెడతాం. మొదట్లో ఇంటి నుంచి తెలిసిన ముద్ద, తెలిసిన గిన్నెలో పంపండి.

రోజు ఎలా గడుస్తుందో చూపించే బొమ్మల కార్డులు ఐదు చాలు: ప్రార్థన, పాఠం, ఆట, అన్నం, ఇల్లు. అయిపోయిన కార్డు తీసి సంచిలో వేయాలి. ఇరవై కార్డులు ఒకేసారి పెడితే బిడ్డ చూడటమే మానేస్తాడు. అల్లరి చేశాడని కార్డులు లాక్కోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. తర్వాత ఏం జరుగుతుందో తెలియకే కదా ఆ బిడ్డ హైరానా పడేది.

జూన్‌లో బడి తెరిచాక మొదటి వారం గంటన్నర, రెండో వారం భోజనం దాకా, మూడో వారం నుంచి కొద్దికొద్దిగా సాయంత్రం దాకా ఉంచుదాం. ఒకరోజు బాగా ఉన్నాడని మర్నాడే రోజంతా ఉంచకండి, అలసిపోయాక వచ్చే ఏడుపే బడి మీద భయంగా మిగులుతుంది. ఇంటికొచ్చాక కేకలు పెడితే బడిలో ఏదో జరిగిందని కంగారుపడకండి. పొద్దంతా పట్టి ఉంచుకున్నది ఇంట్లో బయటపడుతుంది. అరగంట ఎవరూ పలకరించకుండా వదిలేయండి. సిరిమాను జాతర, దీపావళి రోజుల్లో డప్పులకి, టపాసులకి నిద్ర చెడుతుంది. ఆ తర్వాతి రెండు మూడు రోజులు పూట బడి అయినా పర్వాలేదు.

రెండు విషయాల్లో మాత్రం ఏమాత్రం అశ్రద్ధ వద్దు. ఆటిజం ఉన్న పిల్లలు కొందరు చెప్పకుండా నడిచి వెళ్లిపోతారు, వాళ్లలో నీళ్లంటే ఇష్టపడేవాళ్లు ఎక్కువ. మన ఊళ్ల చుట్టూ చెరువులే. బడి వేళల్లో గేటు గడియ వేసే ఉంచుతాం. చొక్కా లోపలి అంచు మీద మీ ఫోన్ నంబరు కుట్టించండి. రెండోది, ఫిట్స్ వచ్చే అలవాటుంటే దాచకండి. అది ఈ పిల్లల్లో మిగతావాళ్ల కంటే ఎక్కువ. వస్తే పక్కకి ఒత్తిగిలిపెట్టి పడుకోబెడతాం, నోట్లో ఏదీ పెట్టం, చేతిలో తాళాలు పెట్టం. ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేస్తాం.

వైకల్య సర్టిఫికెట్ లేదని ఏ బిడ్డనీ వెనక్కి పంపం. చేర్చుకోవడానికి పరీక్ష పెట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. వైకల్యం 40 శాతం, అంతకు మించి ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. ఆ సర్టిఫికెట్ ఇచ్చే సదరం వైద్య పరీక్ష స్లాటు కోసం సచివాలయంలోనో మీసేవలోనో ఇప్పుడే అడగండి, ఆలస్యం అవుతుంది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం టీచర్లను కూడా కలవండి. ఆటిజాన్ని పూర్తిగా పోగొడతామనే ప్రకటనలకు మాత్రం డబ్బు తగలేయకండి. అలా పోగొట్టే మందు ఏదీ లేదు.

సెలవులకు ముందు ఒక్క కాగితం రాసి తెచ్చివ్వండి: ఇంట్లో పిలిచే పేరు, అడిగే తీరు, దేనికి భయపడతాడు, ఏం చేస్తే కుదుటపడతాడు, వాడే మందులు, తినేవి, తిననివి. రాయడం రాకపోతే వచ్చి చెప్పండి, నేనే రాసుకుంటాను. బడి వదిలాక ఐదు గంటల దాకా ఆఫీసు గదిలోనే ఉంటాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
ప్రాథమిక పాఠశాల, విజయనగరం జిల్లా